మంచు మీద పంచాయితీ: కువైట్‌లో కాలేజీ జట్టు, క్లబ్బు జట్టు

కువైట్ నుంచి వచ్చి నెల కావస్తోంది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా బంగారం ధర అడిగారు, ఖర్జూరాలు తిన్నారు, అక్కడి ఎండల గురించి విని అయ్యో అన్నారు. ఉన్ని శాలువా ఎందుకు కొనుక్కొచ్చావని మాత్రం ఎవరూ అడగలేదు. మే నెలలో ఎడారి దేశం వెళ్లి, సాయంత్రాలు చలికి వణుకుతూ గడిపి వచ్చిన మనిషిని నేను. ఆ కథ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

కాకినాడలో ఒక మహిళా కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. పేరు శేషారత్నం, యాభై దాటాయి. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీకి హాకీ ఆడాను. ఆ తర్వాత ఇన్నేళ్లూ మెడలో విజిల్ వేసుకుని ఆడపిల్లల చేత ఆడిస్తున్నాను. మా పిన్ని కూతురు సుగుణ, వాళ్లాయన కువైట్‌లో ఎగైలా అనే పేటలో ఉంటారు. ఒక్కసారి రమ్మని అది ఏళ్ల తరబడి పోరుతోంది. దాని కోసమే వస్తున్నానని నమ్మించాను గానీ, అసలు నేను వెళ్లింది మంగతాయారు కోసం.

మంగతాయారు, నేనూ సామర్లకోట రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగాం. ఒకే గ్రౌండులో కర్ర పట్టాం. నేను కాలేజీలో చేరి యూనివర్సిటీ జట్టులోకి వెళ్లాను. అది ఇంటర్‌తో చదువు ఆపేసి కాలనీ క్లబ్బులోనే ఉండిపోయింది. పెళ్లయి, పిల్లల చదువులకి డబ్బు చాలక కువైట్ వెళ్లి, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంటకి కుదిరింది. పిల్లలు స్థిరపడ్డారు గానీ తను ఇంకా అక్కడే ఉంది. యూనివర్సిటీ జట్టు గొప్పదా, క్లబ్బు జట్టు గొప్పదా అని మా ఇద్దరికీ ఒక తగాదా ఉంది. నేను యూనివర్సిటీ జట్టులో చేరగానే మొదలైంది, ఇప్పటికీ ఫోన్లలో నడుస్తూనే ఉంది.

ఎగైలా

సుగుణ వాళ్ల కిటికీలోంచి చూస్తే పెద్ద మాల్, దాని చుట్టూ కార్లు, కార్ల మీద సన్నటి దుమ్ము. మనుషులు కనపడరు. మనవాళ్లు పొద్దున్నే చెరువు గట్టు మీదో, బీచ్ రోడ్డులోనో నడిచినట్టు ఇక్కడివాళ్లు మాల్ లోపల నడుస్తారు. మా మరిది గారూ అంతే. రెండు రోజులు నేనూ వెంట వెళ్లాను. మూసి ఉన్న గడియారాల షాపుల మధ్య వాకింగ్ చేయడం నాకు నచ్చలేదు. పిలిచినవాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకని ఆ మాట పైకి అనలేదు.

తిండికి మాత్రం వంక పెట్టలేను. మన చందువా చేపని అక్కడ జుబైదీ అంటారు. సుగుణ దాన్ని చింతపండు పోసి పులుసు పెడితే నేను కంచం నాకినంత పని చేశాను. ఖుబ్జ్ అనే రొట్టెలు కట్ట మొత్తం మన దగ్గర టీ తాగిన డబ్బుకి వస్తాయి. మునక్కాడల ధర విన్నాక మాత్రం కాకినాడలో మా పెరటి చెట్టు మీద నాకు గౌరవం పెరిగింది.

రెండో రోజు మంగతాయారు ఫోన్ చేసింది.

"శేషూ, రేపు మా మామా నిన్ను టీకి రమ్మంటంది. కారు పంపుద్ది. మంచి చీర కట్టుకుని రా."

మామా అంటే ఇంటి యజమానురాలు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లంతా అలాగే పిలుస్తారు. వంటమనిషి స్నేహితురాలికి యజమానురాలు కారు పంపి మరీ టీ ఇవ్వడం ఏమిటో నాకు బోధపడలేదు. సుగుణకి అసలే అనుమానాలెక్కువ.

"ఏదో ఉందక్కా. సంతకాలు అడిగితే పెట్టకు" అంది.

మిష్రిఫ్

కారు తెచ్చిన మల్లేశం జగిత్యాల వైపు మనిషి, ఆ ఇంటి డ్రైవర్. నేను తెలుగులో పలకరించగానే ముఖం వికసించింది.

"మీరే గదా అక్కా హాకీ కోచ్? తాయారక్క రోజు మీ ముచ్చటే జెప్తది. దలాల్ పాప గూడ మీ కోసమే సూస్తున్నది."

"నా కోసమా? ఎందుకు?"

"అది మామా జెప్తది. నేను జెప్తే మంచిగుండదు" అని నవ్వి ఊరుకున్నాడు.

నన్ను ముందు గుమ్మంలోంచి తీసుకెళ్లి సోఫాలో కూర్చోబెట్టారు. మంగతాయారు వంటింట్లోంచి ట్రేతో వచ్చింది. ఎన్నాళ్లకో చూడడం. లేచి కావలించుకోబోతే ట్రే అడ్డం పెట్టి, "కూర్చో, తర్వాత" అంది లోగొంతుకతో. ఏలకుల టీ, ఖర్జూరాలు, ఏవో తీపి ముక్కలు బల్ల మీద సర్ది, వెళ్లి గోడ పక్కన నిలబడింది. నేను కూర్చుని తాగడం, అది నిలబడి చూడడం. ఒకే ఐస్‌ఫ్రూట్‌ని చెరో వైపు కొరుక్కు తిన్నవాళ్లం. కప్పు బల్ల మీద పెట్టేశాను.

మామా ఇంచుమించు నా ఈడు మనిషి. చక్కటి ఇంగ్లీషు మాట్లాడుతుంది, మర్యాద తెలిసిన మనిషి కూడాను. పక్కన కూతురు దలాల్, ఈ ఏడే కాలేజీకి వెళ్లబోతున్న పిల్ల.

"కోచ్, మీరు వచ్చారు కాబట్టి నా సమస్య తీరినట్టే" అంది దలాల్.

సమస్య ఇదీ. దలాల్ చిన్నప్పటి నుంచి మంచు హాకీ ఆడుతోంది, ఒక ఆడవాళ్ల క్లబ్బు తరఫున. ఇప్పుడు సీటు వచ్చిన ప్రైవేట్ కాలేజీకి సొంత జట్టుంది. వర్సిటీ టీమ్ అంటారు. అందులోకి రమ్మని పిలిచారు. చేరితే ఇక క్లబ్బుకి ఆడకూడదు. మామాకి కాలేజీ జట్టు కావాలి, పిల్లకి మనసు రెండు వైపులా లాగుతోంది. ఆ గురువారం రెండు జట్లకీ మ్యాచ్. మర్నాడు శుక్రవారం భోజనాల దగ్గర ఏదో ఒకటి తేల్చాలని తల్లీకూతుళ్లు అనుకున్నారు. ఈలోగా ఇండియా నుంచి హాకీ కోచ్ వస్తోందని మంగతాయారు వాళ్లకి చెప్పింది.

"రెండూ చూడండి. ఏ జట్టు నాణ్యమైనదో మీరే చెప్పండి. మీ మాట వింటాం" అంది మామా.

నేను మంచు చూసింది చేపల మార్కెట్‌లోనే. నాది గడ్డి మీద ఆట అని చెప్పబోతుంటే, కప్పులు తీసే వంకతో మంగతాయారు నా మీదకి వంగి, "ఊరుకోవే. కర్ర కర్రే" అంది తెలుగులో.

తర్వాత వంటింట్లో పట్టుకుని నిలదీశాను.

"నేనేం అబద్ధం ఆడలేదు. హాకీ కోచ్చన్నాను. గడ్డి మీదా, మంచు మీదా అని ఆళ్లడగలేదు, నేను చెప్పలేదు" అంది. అప్పుడు కావలించుకుంది. ఒంటి నిండా ఎండు నిమ్మకాయల వాసన. ఇద్దరం కాసేపు ముక్కులు ఎగబీల్చుకున్నాం.

రింకు, మొదటి సాయంత్రం

రింకు అంటే నేలంతా మంచు పరిచిన ఆట హాలు. బయట కొలిమిలా ఉంది. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఐసు ఫ్యాక్టరీ. నూలు చీర, కాళ్లకి చెప్పులు, అదీ నా కోచ్ వేషం. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే లిజా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి తన కోటు తెచ్చి కప్పింది. ఆసుపత్రిలో నర్సు, క్లబ్బు జట్టుకి గోల్‌కీపరు. శాలువా కొన్నది ఆ మర్నాడే.

ఆట సంగతి క్లుప్తంగా చెప్తాను. కాళ్లకి స్కేట్లు కట్టుకుని ఒక్కో జట్టుకి మంచు మీద ఐదుగురు, గోల్‌లో ఒకరు. బంతి ఉండదు, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఆ వేగానికి ఎవరైనా నిమిషంలో రొప్పుతారు. అందుకని ఆట ఆగకుండానే ఐదుగురు బయటికొచ్చేస్తే ఇంకో ఐదుగురు దూకుతారు. అలా ఒక్కో జట్టుకి రెండో, మూడో బృందాలుంటాయి. ఇది తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఏ ఆటలోనైనా జట్టు నాణ్యత మొదటి ఐదుగురిలో తెలియదు, ఆఖరి ఐదుగురిలో తెలుస్తుంది. ఆఖరివాళ్లని చూడడం నా ఉద్యోగమే కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

ఆ రోజు క్లబ్బు ప్రాక్టీసు. కెప్టెన్ హెస్సా నలభై ఏళ్ల స్కూలు టీచరు. మంచు మీదకి వెళ్లే ముందు అందరూ వరండాలో గచ్చు మీద బంతితో కాసేపు ఒళ్లు వేడి చేసుకుంటారు. దలాల్ సంచి మోసుకొచ్చిన మంగతాయారు దాన్ని గోడకి ఆనించి, ఎవరో విసిరిన కర్ర అందుకుంది. నేను నోరు తెరుచుకుని చూశాను.

మన హాకీ కర్రకి ఒక పక్కే చదును. గుండ్రటి పక్క బంతికి తగిలితే ఫౌలు. అందుకే మణికట్టు తిప్పి తిప్పి ఆడతాం. మంచు హాకీ కర్రకి ఆ బాధ లేదు, రెండు పక్కలా కొట్టొచ్చు. అయినా మంగతాయారు తిప్పుతూనే ఉంది. ఎంత చెప్పినా దాని చేతులు వినవట. తిరగేసినప్పుడల్లా ఆ వంకర కర్ర కొస గచ్చుకి తగిలి టక్కుమంటుంటే ఆడవాళ్లంతా పగలబడి నవ్వుతున్నారు. వాళ్లతో పాటు అదీ నవ్వుతోంది. గోడ పక్కన నిలబడిన మనిషి ఈవిడేనా అనిపించింది. కంకర గ్రౌండులో రిబ్బను జడలు ఎగురుతుంటే, రైట్ వింగులో బంతి తీసుకుని దూసుకుపోయే పాత మంగతాయారు కళ్ల ముందు కదిలింది. నాకు ఏడుపొచ్చింది. చలికి కళ్లలో నీళ్లొచ్చాయని లిజాకి చెప్పాను.

పక్కన నిలబడ్డ మల్లేశం కూడా అటే చూస్తున్నాడు.

"అక్కకు వారంల గీ మూడు సాయంత్రాలే బయటి గాలి. పాప సంచి మోసుడుకు పంపుతరు. పాప కాలేజీ టీమ్ల జేరితే కాలేజీ బస్సే ఇంటికొస్తది. ఇగ అక్కకు ఈడేం పని?"

"శుక్రవారం సెలవుంటుంది కదా?"

"రూల్ ఉంటది అక్కా. శుక్రవారం చుట్టాలందరు ఇంటికొస్తరు, ముప్పై మందికి వండాలె. అక్క ఎన్నడు సెలవడగలే, వాళ్లు ఎన్నడు ఇయ్యలే."

కాలేజీ అన్నానంటే ఆ కర్ర దాని చేతిలోంచి నేనే లాగేసినట్టు. అందుకేనా నన్ను కోచ్‌ని చేసింది, క్లబ్బు పేరు చెప్తానని? అలా అనుకున్నందుకు సిగ్గేసింది, కాదని అనుకోలేకపోయాను కూడా.

ఇక క్లబ్బు ఆట. హెస్సా, దలాల్, గోల్‌లో లిజా: ఈ ముగ్గురూ ఎక్కడైనా ఆడగల మనుషులు. హెస్సా చూడకుండానే పక్ వెనక్కి వదిలితే దలాల్ అక్కడ ఉంటుంది. కానీ తర్వాతి ఐదుగురిలో ఒకావిడ పోయినేడాదే చక్రాల స్కేట్ల నుంచి మంచు మీదకి మారింది, ఇంకొకావిడ డ్యూటీ దిగి నేరుగా వచ్చి ఆవలిస్తోంది. మొదటి ఐదుగురు బయటికొచ్చారంటే జట్టు సగమైపోయినట్టే. మూడో బృందం లేనే లేదు.

కాలేజీ వాళ్లు

మర్నాడు అదే రింకులో కాలేజీ ప్రాక్టీసు. దలాల్ అతిథినని నన్ను లోపలికి రానిచ్చారు. పనివాళ్లని రానివ్వరు. మంగతాయారు బయట కుర్చీలో కూర్చుని, నా చెప్పుల్లోకి తన సాక్సులు విప్పి ఇచ్చింది.

ఫిన్లాండ్ నుంచి తెచ్చిన కోచ్‌కి అరవడం రాదు. విజిల్ కూడా సగమే ఊదుతుంది. పిల్లలు మాత్రం ఆ సగానికే కదులుతారు. ఒకే కసరత్తు మళ్లీ మళ్లీ, అదీ మొదటి బృందం ఎలా చేసిందో మూడో బృందం అలాగే చేసింది. నేను ఆఖరి ఐదుగురినే కళ్లు పెట్టుకుని చూశాను. ఒక్కతీ పక్ వదిలేసి నిలబడలేదు. ఐదుగురు దూకేటప్పుడు ఐదుగురే బయటికొస్తున్నారు, తొక్కిసలాట లేదు. ఊపిరితిత్తులు కూడా కాలేజీ వాళ్లవే, రోజూ పరిగెత్తించిన పిల్లలవి.

లోపం ఒకటే కనిపించింది. పాస్ తప్పితే ఆ పిల్లలు పక్ వైపు కాకుండా ముందు కోచ్ ముఖం వైపు చూస్తారు. యూనివర్సిటీ జట్టులో మేమూ అంతే. క్యాంపులో పొద్దున్నే గుడ్డు, అరటిపండు, ఛాతీ మీద యూనివర్సిటీ ముద్ర ఉన్న బనీను, వాటితో పాటు కోచ్ గారి ముఖం. కాలనీ క్లబ్బుకి ఉన్నవల్లా గడ్డి బయటికొచ్చిన ఒక జత గోల్‌కీపరు ప్యాడ్లు, రిటైరైన ఒక గార్డు గారు. ఆయన ఆట మధ్యలో వచ్చే రైలు చూసి టైము చెప్పేవారు. ఎవరు పాస్ తప్పినా కాలనీ పిల్లలు ఒకరినొకరు తిట్టుకుంటూ బంతి వెనకే పరిగెత్తేవాళ్లు. ఏడాదికోసారి మా రెండు జట్లకీ పోటీ జరిగేది. ప్రతిసారీ మేమే గెలిచాం. ప్రతిసారీ ఆట అయ్యాక టీ తాగడానికి మాత్రం నేను వాళ్ల వైపే వెళ్లి కూర్చునేదాన్ని.

మహబూలా

స్నేహితురాలికి ఊరు చూపించమని మామా బుధవారం మధ్యాహ్నం మంగతాయారుకి ఒక పూట సెలవిచ్చింది. ఊరు చూడడం మానేసి మహబూలాలో ఒక ఆంధ్రా మెస్సుకి వెళ్లాం. పై అంతస్తు గదులన్నీ మన జిల్లాల కుర్రాళ్లే. బాల్కనీల్లో లుంగీలు ఆరుతున్నాయి. అమలాపురం నుంచి వచ్చిన మెస్సు యజమాని మేం సామర్లకోట అనగానే గుత్తి వంకాయ మళ్లీ వడ్డించాడు.

"ఆయ్, మా మేనత్తది పెద్దాపురమేనండి. మొహమాటపడకండి" అన్నాడు. పెరుగు దగ్గరకొచ్చాక ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"తాయారూ, నిజం చెప్పు. క్లబ్బు పేరు చెప్తానని పిలిచావా నన్ను?"

అది అన్నం కలపడం ఆపి నా వైపు చూసింది.

"నీకేవన్నా పిచ్చా? నువ్వు జన్మలో క్లబ్బు పేరు చెప్పవని నాకు తెలీదేంటి?"

"మరెందుకు నన్ను ఇరికించావు?"

"దలాలు బంగారంలాంటి పిల్ల. చిన్నప్పట్నుంచి చూత్తన్నాను. ఆళ్లమ్మ చెప్తే ఇంటి పరువు కోసం అనుకుంటది. హెస్సా చెప్తే క్లబ్బు కోసం అనుకుంటది. ఏ ఆశా లేకుండా చెప్పేవోళ్లు కావాలి కదా. నువ్వు మొహం మీద చెప్పేత్తావు."

"అప్పుడు నీ సాయంత్రాలు?"

అది పెరుగు గిన్నె నా వైపు తోసింది.

"అవి పోతాయనే ఏడుత్తన్నాను. రాత్రి దిండు కింద మొహం పెట్టుకుని ఏడ్చాను. అయినా ఆ పిల్ల ఆట నా సాయంత్రాల కోసం పాడవకూడదే."

అంతలోనే తేరుకుని పాత తగాదా ఎత్తుకుంది.

"మన క్లబ్బు ఎలా పోయిందో గుర్తుందా? ఒక్కో పెళ్లికీ ఒక్కో పిల్ల ఖాళీ. ఆఖరికి నా పెళ్లికి పదకొండు మంది లేరు."

"అదే నేననేది. యూనివర్సిటీలో ఒకతి పోతే ఇంకొకతి వస్తుంది. జట్టు చెక్కు చెదరదు."

"జట్టు చెదరదు, సరే. మరి నువ్వు? పట్టా చేతిలో పెట్టారు, కర్ర తీసేసుకున్నారు. ఆ తర్వాత ఎప్పుడన్నా ఆడావా?"

విజిల్ ఊదానని చెప్పాను. విజిల్ ఆటా అని అడిగింది. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగింది. ఆ తగాదాలో మొదటిసారి గెలుపు దానిదైంది.

మ్యాచ్

గురువారం సాయంత్రం. మామా కూడా వచ్చింది, అక్కచెల్లెళ్లని వెంటేసుకుని. మొదటి భాగంలో క్లబ్బే పైచేయి. హెస్సా వదిలింది, దలాల్ కొట్టింది, గోల్. కాసేపటికి ఇంకోటి. మంగతాయారు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదల్లా లేచి నిలబడి, "కొట్టెహే" అని తెలుగులో కేకలు. అటు కూర్చున్న కువైటీ ఆడవాళ్లకి అర్థం అక్కర్లేకపోయింది.

రెండో భాగం నుంచి నేను చెప్పక్కర్లేదు. హెస్సా ఆయాసంతో బల్ల మీద కూలబడిన ప్రతిసారీ కాలేజీ వాళ్లు ఒక గోల్ కొట్టారు. లిజా ఎన్ని ఆపిందో, ఆపినవన్నీ మళ్లీ తన మీదకే వచ్చాయి. ఆఖరికి ఆరు, రెండు. ఓడినవాళ్లు మంచు మీద ఒకరి మెడ ఒకరు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. దలాల్ ఆ గుంపులోంచి చాలాసేపు రాలేదు.

శుక్రవారం భోజనం

అక్కడి పద్ధతి ఏమిటంటే, శుక్రవారం మధ్యాహ్నం కుటుంబం మొత్తం పెద్దింటికి చేరుతుంది. పెళ్లయిన కూతుళ్లు, మనవలు, బావగార్లు అందరూ. మనకి పండగలకి జరిగేది వాళ్లకి వారంవారం. చాప మీద పెద్ద పళ్లెం నిండా మచ్బూస్, అంటే మాంసం పరిచిన మసాలా అన్నం. మంగతాయారు ఇంకో అమ్మాయి సాయంతో ఆ పళ్లెం మోసుకొచ్చి దించింది. అంత బాగా వండుతుందని నాకు తెలియదు. కాలనీలో ఉప్మా మాడ్చేది.

మామా నా వైపు చూసింది. అందరూ తినడం ఆపారు. మంగతాయారు గరిటెతో నిలబడి ఉంది. దాని ముఖం చూడకుండా చెప్పేశాను.

"కాలేజీ జట్టే మెరుగు. క్లబ్బులో మంచి ఆటగాళ్లు కాలేజీ వాళ్లకి ఏమాత్రం తీసిపోరు. తేడా మంచివాళ్లలో లేదు, ఆఖరివాళ్లలో ఉంది. కాలేజీలో ఆఖరి పిల్ల కూడా రోజూ నేర్చుకుంటోంది. దలాల్ ఆట పెరగాలంటే అక్కడికే వెళ్లాలి."

మామా ముఖం వెలిగింది. దలాల్ ముఖం వెలగలేదు.

"కాలేజీ అయిపోయాక?" అని అడిగింది.

"అయిపోయాక అక్కడ నీకు చోటుండదమ్మా. నేనూ పట్టా పుచ్చుకున్నాక మళ్లీ ఆడలేదు. ఆడాలనుంటే క్లబ్బే దిక్కు. అప్పటికి అది బతికుంటే."

దలాల్ కాసేపు పళ్లెంలోకి చూసింది. తర్వాత తలెత్తి, నాతో కాదు, మంగతాయారుతో అరబ్బీలో మాట్లాడింది. అక్కడి నుంచి ప్రతి మాటా మామా చెల్లెలు నా చెవిలో ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది.

"మంగా, నేను కాలేజీకి వెళ్తాను. కానీ తిరిగొస్తాను. వచ్చేదాకా క్లబ్బులో నా చోటు నువ్వు చూసుకో."

మంగతాయారు గరిటె పక్కన పెట్టింది. కొంగు లేని గౌను మీద చేతులు తుడుచుకుంది.

"మామా, నాకు శుక్రవారం కావాలి."

"డబ్బేమైనా అవసరమా? ఎవరినైనా కలవాలా?" మామా గొంతులో కోపం లేదు, కంగారుంది.

"కాదు మామా. ఆడుకోవడానికి."

మామా ఆ పళ్లెం వైపు చూసింది, దాని చుట్టూ ఉన్న తన వాళ్లందరి వైపూ చూసింది. శుక్రవారం పళ్లెం ఎవరు మోస్తారన్న ప్రశ్న ఆవిడ ముఖంలో స్పష్టంగా కనపడింది. మంగతాయారు తల దించలేదు. ఇన్నేళ్లుగా అడగని సెలవు అది. అడిగాక ఇక వెనక్కి తీసుకునే మనిషి కాదని నాకు తెలుసు.

"వంట?" అంది మామా చివరికి.

"గురువారం కోసి, నానబెట్టి, అన్నీ సిద్ధం చేసి పెడతాను. పొయ్యి మీద పెట్టడం మీ పని."

దలాల్ నవ్వాపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామా చెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఖలాస్, ఇక మాట లేదు. శుక్రవారం నీది" అంది మామా. తర్వాత, "ఇవాళ కూడా శుక్రవారమే కదా" అని తనే అంది.

సాయంత్రం

దలాల్ ఇంట్లోనే ఉండిపోయింది, చుట్టాలతో. శుక్రవారం సాయంత్రాలు కూడా క్లబ్బు వాళ్లు ఆడుకుంటారు. మల్లేశం మమ్మల్నిద్దరినీ రింకు దగ్గర దింపాడు. నేను మర్నాడు బయల్దేరాలి. చెప్పుకోవలసినవి ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ గుర్తు రాలేదు. దారంతా మంగతాయారు చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. గరిటె పట్టి పట్టి అరచెయ్యి గట్టిపడింది.

గుమ్మం దగ్గర బల్ల వెనక కూర్చునే ఆవిడ మంగతాయారుని ఏళ్లుగా చూస్తోంది. మామూలుగా తల ఊపి, మా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసింది.

"మేడమ్ ఎక్కడ?" అని అడిగింది.

"మేడమ్ రాదు" అంది మంగతాయారు. "ఆడేది నేనే."

ఆవిడకి సరిగ్గా అర్థమైనట్టు లేదు. మళ్లీ అడిగింది. మంగతాయారు అదే మాట, ఈసారి ఇంకొంచెం గట్టిగా, మళ్లీ చెప్పింది.